నలుగురెక్కితేనే కదిలే గుర్రం

గుర్రం మీద నాలుగు రోజులు తిరిగొచ్చానని చెబితే మా తెనాలి స్కూలు స్టాఫ్‌రూంలో నవ్వని వాళ్ళు లేరు. "గుర్రం మిమ్మల్ని మోసిందా, మీరే గుర్రాన్ని మోశారా?" అన్నారు లెక్కల మేష్టారు. ఆయన వేళాకోళానికే అన్నా మరీ అబద్ధం కాదు. బయల్దేరేటప్పుడు నేను గుర్రం మీద ఉన్నాను, గుర్రం తోలే మనిషి కింద ఉన్నాడు. చేరేటప్పటికి తారుమారైంది. అందులో నా తెలివితక్కువతనం ఎంతుందో ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

తొంభైల చివర్లో ఒక దసరా సెలవులవి. మా మరిదికి, అంటే చెల్లెలు సుధ భర్తకు, హిందూపురం బ్యాంకులో ఉద్యోగం. ఆయనకు తెలిసిన విశ్వనాథ్ గారని ఒక రిటైర్డ్ ఇంజనీరు పెనుకొండ దగ్గర తోట కొన్నారు. పట్నాల నుంచి వచ్చేవాళ్ళకు గుర్రాల మీద రిజర్వు ఫారెస్టు చూపించే ఏర్పాటు చేయాలని ఆయన సరదా. ఫారెస్టు వాళ్ళ కాగితాలు తెచ్చుకున్నారు, రెండు గుర్రాలు కూడా కొన్నారు. అవి రెండూ దుడుకువి. గుర్రమెక్కడం రాని వాళ్ళకోసం ఒక నెమ్మదైన గుర్రం కావాలి. అలాంటిది హిందూపురంలో ఉందని మా మరిది చెప్పాడట. దాన్ని పరీక్షించడానికి, జన్మలో గుర్రం ఎక్కని మనిషి ఒకరు కావాలి.

"మా వదిన ఉంది," అన్నాడట మా మరిది.

పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు పెనుకొండ కోట గురించి పాఠం చెబుతున్నాను. ఒక్కసారి చూసింది లేదు. అందుకే సరేనన్నాను.

హిందూపురం

పొద్దున్నే సుధ ఉగ్గాని పెట్టింది. మా వైపు మరమరాలంటే సాయంత్రం ఉల్లిపాయ వేసుకుని నమిలే తిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు, నీళ్ళలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీతో టిఫినుగా తింటారు. రెండో ప్లేటు అడిగాను. బయట హోటల్లో ప్లేటు నాలుగు రూపాయలట. సుధ చుడీదారు ఒకటి అరువు తీసుకుని, నా ఎర్రపూల గొడుగు చేత పట్టుకుని వీధిలోకి వచ్చాను.

నరసింహప్ప అప్పటికే వచ్చి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, తలకు తువ్వాలు. పక్కన గోధుమరంగు ఆడగుర్రం, నుదుట తెల్లటి మచ్చ. దాని పేరు చుక్క. తొమ్మిదేళ్ళు జట్కా లాగింది. ఊళ్ళోకి ఆటోలొచ్చాక స్టేషను దగ్గర జట్కాల స్టాండు ఖాళీ అయింది. బండి విరిగి మూలపడింది, గుర్రం మిగిలింది.

"ఇటుక బట్టీవాళ్ళు రెండుతూర్లు వచ్చిపోయినారు టీచరమ్మా," అన్నాడు నరసింహప్ప, చుక్క మెడ మీద చెయ్యి వేసి. "ఆడికి పోయిన గుర్రం రెండేండ్లు బతకదు. సారు దీన్ని తీసుకుంటే నేనూ దాంతో పాటు తోటలో ఉంటా. లేదంటే ఇంగ బట్టీనే."

నేను చేసేది షికారు అనుకున్నాను. ఆయనకు అది బతుకుతెరువని అప్పుడు తెలిసింది. కొంచెం భయమేసింది.

ముక్కాలిపీట వేసి, మా మరిది ఒక పక్క, సుధ ఒక పక్క పట్టుకుంటే ఎక్కాను. రికాబుల్లో కాళ్ళు పెట్టాను. "పద," అన్నాను. చుక్క కదల్లేదు. మడమలతో తట్టాను. కదల్లేదు. వీధిలో జనం చేరారు. నరసింహప్ప వెనక్కి వచ్చి, జీను మీద అరచేత్తో తట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. "ఫుల్లయింది, పదమ్మా," అన్నాడు. చుక్క నడిచింది.

"అదేమిటి?" అన్నాను.

"బండి ఎనక నలుగురు ఎక్కితే గానీ కదిలేది కాదు కదా. ఒక్కో మనిషి మెట్టు మీద కాలు పెడితే బండి వంగుతాది. నాలుగుతూర్లు వంగితే ఇంగ పొయ్యే యాళయిందని దానికి తెలుసు. ఇప్పుడు మీరొక్కరే ఎక్కితే, మిగతా ముగ్గురు యాడ అని చూస్తాంది."

నా ఒక్కదాని బరువూ నలుగురికి సరిపోతుందని సుధ వెనకనుంచి అంది. చెల్లెళ్ళు ఎక్కడైనా ఒకటే.

సోమందేపల్లి

పొలాల మధ్య బాటన సోమందేపల్లి వైపు నడిచాం. నేను నడిచానంటే అబద్ధం, కూర్చున్నాను. నరసింహప్ప పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. ఆయన చుక్కతో రెండు భాషల్లో మాట్లాడతాడు. బుజ్జగించేది తెలుగులో, తిట్టేది కన్నడంలో. ఎందుకలా అంటే, "తెలుగులో తిడితే మనసుకు తగుల్తాది," అన్నాడు.

చుక్క కళ్ళకు రెండు పక్కలా తోలు గంతలున్నాయి. ఎదురుగా దారి తప్ప ఏమీ కనబడదు. బాట హైవేలో కలిశాక లారీలు చెవి పక్కనుంచి పోతున్నా అది చలించలేదు. నేను మాత్రం ప్రతి లారీకీ కళ్ళు మూసుకున్నాను. ఇంకొక సంగతి కూడా అక్కడే తెలిసింది. ఎవరు చెయ్యెత్తినా, బండెక్కే మనిషనుకుని చుక్క ఆగిపోతుంది. పొలంలో వేరుశనగ పీకుతున్న ఒక రైతు పలకరింపుగా చెయ్యెత్తాడు. ఆగాం. హోటలు ముందు ఒకాయన ఆవులిస్తూ ఒళ్ళు విరుచుకున్నాడు. ఆగాం. ఆగినప్పుడల్లా మళ్ళీ నాలుగు దెబ్బలు, మళ్ళీ "ఫుల్లయింది".

ఆ వేరుశనగ రైతైతే ఊరికే వదల్లేదు. "ఏమప్పా నరసింహప్పా, పెండ్లికూతురు గుర్రమెక్కిందే, పెండ్లికొడుకు యాడ?" అన్నాడు. నాకు కోపం వచ్చి, నవ్వూ వచ్చింది. అప్పుడే పీకిన కాయల కట్ట నా ఒళ్ళో పెట్టాడు. పచ్చివి, మట్టి వాసనతో, పాలు కారుతున్నట్టు ఉన్నాయి. ఈ ఏడు గింజ సగానికి సగం తాలుపోయిందట.

"మీ పక్క వానలు బాగ పడతాయా?" అని అడిగాడు.

"మాకు కాలవలుంటాయి," అన్నాను. అనగానే ఎందుకో సిగ్గేసింది. ఆయనకు ఈర్ష్య ఏమీ లేదు. కాలవ ఎంత వెడల్పుంటుందని, నీళ్ళు ఎన్ని నెలలుంటాయని పిల్లవాడిలా గుచ్చి గుచ్చి అడిగాడు. బకింగ్‌హాం కాలవలో పడవలు నడిచేవని చెబితే, "నీళ్ళ మీద బండ్లన్న మాట," అని చాలాసేపు ఆలోచించాడు.

ఆ పూట నరసింహప్ప అక్క ఇంట్లో బస. సంగటి ముద్ద, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి. సంగటి నమలకూడదు, మింగాలి. ఈ సంగతి మూడు ముద్దలు నమిలాక చెప్పారు. బయట చుక్కకు ఉడకబెట్టిన ఉలవలు పెట్టారు. ఆ ఉలవకట్టు వాసనకు నాకు మా ఊరి పెళ్ళి భోజనాలు గుర్తొచ్చాయి. మా వైపు ఉలవచారులో మీగడ వేసుకుని తింటామని చెబితే నరసింహప్ప అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరి గుర్రాలకేం పెడతారు మీ కాడ?" అంది.

పెనుకొండ

రెండో రోజు సాయంత్రానికి కొండ కనబడింది. నా పాఠంలో పెనుకొండ నాలుగు లైన్లు. రాజధాని, కోట, వేసవి విడిది, అంతే. ఎదుట నిలబడితే ఆ నాలుగు లైన్లూ ఎక్కడికో పోయాయి. కొండంతా బండలు, బండల మధ్య గోడలు. గోడ ఎక్కడ మొదలై బండ ఎక్కడ ఆగిందో చెప్పలేం. కోట వాకిలి కిందనుంచి చుక్క మీద వెళ్తూ నేను బాగా వీపు నిటారు చేశాను. లోపల ఒక బడ్డీకొట్టు ముసలాయన నన్ను చూసి, "ఈ వాకిట్లో గుర్రం దూరి ఎన్నాళ్ళయిందో," అన్నాడు. టీకి ఒకటిన్నర రూపాయి ఇస్తే తీసుకోలేదు.

విశ్వనాథ్ గారి తోట ఊరి బయట. ఆయనకు తెల్ల ప్యాంటు, చేతిలో నోటుబుక్కు, మాట తక్కువ. చుక్క పళ్ళు చూశారు, లాడాలు చూశారు. నన్ను ఎక్కమన్నారు. యథాప్రకారం చుక్క కదల్లేదు. నరసింహప్ప నాలుగుసార్లు తడితే కదిలింది. విశ్వనాథ్ గారు దాన్ని ఆపి, ఈసారి తనే వచ్చి జీను మీద టకటకా నాలుగు తట్టారు. "ఫుల్లయింది, పద," అన్నారు. చుక్క చెవి ఒకటి తిప్పి ఊరుకుంది. ఇంకోసారి తట్టారు. ఉహూ.

"చూడు నరసింహప్పా," అన్నారాయన, "గుర్రం మంచిదే. కానీ ఇది నీ చేతికి తప్ప కదలదు. నీకు జ్వరమొస్తే అడవి మధ్యలో నా గెస్టుల గతేమిటి? ఇంకొకరి చేతికి కదిలితేనే తీసుకుంటాను. ఎల్లుండి పొద్దున ధర్మవరం నేతగాళ్ళ వీధిలో ఉంటాను. అడవి దారిన అక్కడికి తోలుకురా, చూసి చెబుతా."

నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. మూడు ప్రశ్నలున్నాయి. గుర్రం దారిలో ఆగిపోయిందా? మీరు పడ్డారా? మీ ఇంటి పిల్లల్ని దీని మీద ఎక్కిస్తారా? కింద సంతకానికి గీత.

ఆ క్షణం నుంచీ నరసింహప్ప నాతో మాట్లాడే తీరు మారింది. అంతవరకూ నేను వంకరగా కూర్చుంటే కసిరేవాడు. ఇప్పుడు ఏమన్నా "అట్లే కానీండి" అంటున్నాడు. పట్టించుకోవలసింది. పట్టించుకోలేదు.

అడవిలో

అడవంటే మా వాళ్ళు ఊహించుకునే చీకటి అడవి కాదు. నడుమెత్తు పొదలు, తుమ్మలు, పసుపుపచ్చగా తంగేడు, ఎక్కడ చూసినా సీతాఫలాలు. కళ్ళు విచ్చిన కాయ కోసి అక్కడే తినేయొచ్చు. మా దగ్గర బుట్టల్లో వచ్చేవి ఈ రుచికి దూరపు చుట్టాలు కూడా కావు. ఒకచోట బురదలో ఎలుగుబంటి అడుగు చూపించాడు నరసింహప్ప. నెమళ్ళు కనబడకుండా అరుస్తున్నాయి. మబ్బు విడిపోయి ఆ రోజే ఎండ కాసింది.

ఇంత అందంగా ఉంటే, పాపం చుక్క ఏమీ చూడటం లేదే అనిపించింది నాకు. టీచర్లకు ఇదొక జబ్బు, చూపించకపోతే ఊరుకోలేం.

"ఆ గంతలు తీసేయి నరసింహప్పా. ఇక్కడ లారీలు లేవుగా. అదీ అడవి చూస్తుంది."

ఆయన ఆగాడు. "తొమ్మిదేండ్లుగా అది పక్కలకు చూల్లేదు టీచరమ్మా. ఇప్పుడు చూపిస్తే ఏమనుకుంటాదో."

"మంచే అనుకుంటుంది. తీసేయి."

ఒక క్షణం నా చేతిసంచి వైపు చూశాడు. కాగితం అందులో ఉంది. "అట్లే కానీండి," అని గంతలు విప్పాడు.

మొదటి అరగంట నాకు గర్వంగానే ఉంది. చుక్క మెడ ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. తంగేడు పూలు వాసన చూసి తుమ్మింది. తన నీడ పక్కనే నడుస్తుంటే దాన్ని తొక్కకుండా జరిగి జరిగి నడిచింది. కొత్త బళ్ళో చేరిన పిల్లలా ఉందని మురిసిపోయాను. ఎండ నెత్తికెక్కింది. జీనుకు కట్టి ఉన్న నా ఎర్రపూల గొడుగు తీసి, బటన్ నొక్కాను.

టప్పున విచ్చుకుంది. తన వీపు మీద నుంచి అంత పెద్ద ఎర్రటిది పుట్టుకొస్తే ఆ గుర్రం ఏమనుకుందో దానికే తెలియాలి. ఒక్క ఎగురు ఎగిరింది. నేను బలుసు పొదలో పడ్డాను, గొడుగు ఇంకో పొదలో పడింది. నరసింహప్ప పగ్గం వదల్లేదు. పది గజాలు ఈడ్చుకుపోయాక బండల మధ్య ఆయన పాదం మడతపడిన చప్పుడు నాకు వినిపించింది. అక్కడ చుక్క తనంతట తనే ఆగి వణుకుతూ నిలబడింది.

ఒళ్ళంతా ముళ్ళు తప్ప నాకేం కాలేదు. నరసింహప్ప లేవబోయి కూలబడ్డాడు. చూస్తుండగానే చీలమండ మారేడుకాయంత వాచింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. ఇక్కడ అడుసు తొక్కింది నేను, కాలు పోయింది ఆయనది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"నీకు ఇష్టం లేకపోతే తీయనని అనొచ్చుగా!" అని పైగా ఆయన మీదే అరిచాను.

"మీ చేతిలో కాగితముండాది కదమ్మా," అన్నాడు నరసింహప్ప, మామూలుగా.

క్లాసులో నేనేం చెప్పినా పిల్లలు తలలూపుతుంటే ఒప్పుకుంటున్నారనే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

బస చేయవలసిన పల్లె ఇంకా రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ళుంది. చుట్టుపక్కల మనిషి లేడు. "గుర్రమెక్కు," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను ఎక్కను. ఎప్పుడూ ఎక్కలేదు."

నమ్మలేకపోయాను. ఇరవై ఏళ్ళ వయసు నుంచీ గుర్రాలతో బతికిన మనిషి ఒక్కసారి కూడా గుర్రమెక్కలేదట. బండిలో కూర్చుంటాడు, ముందు నడుస్తాడు. వీపు మీద మాత్రం కూర్చోడు.

"మా నాయన చెప్పినాడు. కూడు పెట్టేదాని ఈపు మీద కూర్చుంటే కూడు పోతాదని. మా ఇంట్లో ఎవురూ ఎక్కలేదు."

"ఇప్పుడు ఎక్కకపోతే రేపే పోతుంది నీ కూడు! పొద్దున ధర్మవరం చేరకపోతే ఆ సారు వెళ్ళిపోతాడు. చుక్క బట్టీకి పోతుంది. మీ నాయన ఉంటే ఏం చెప్పేవాడో ఆలోచించుకో."

చెప్పులు విప్పి నా చేతికిచ్చాడు. చుక్క మెడ తాకి కళ్ళకద్దుకున్నాడు. "తప్పు కాయి తల్లీ," అన్నాడు. ఒక బండ పక్కకు గుర్రాన్ని తెచ్చి, ఆయన్ని నెట్టి, లాగి, ఎలాగో ఎక్కించాను. ఎక్కాక ఎక్కడ పట్టుకోవాలో తెలియక జూలు పట్టుకుని, కాళ్ళు దాని ఒంటికి తగలకుండా ఎడంగా చాపి కూర్చున్నాడు. మళ్ళీ గంతలు కట్టాను. పగ్గం పట్టుకుని, వెనక్కి వెళ్ళి, జీను మీద నాలుగు తట్టాను. "ఫుల్లయింది, పదమ్మా."

చుక్క కదల్లేదు.

మళ్ళీ తట్టాను. గట్టిగా తట్టాను. విశ్వనాథ్ గారన్నదే నిజమైంది, ఇది ఆయన చేతికి తప్ప కదలదు అనుకున్నాను. నరసింహప్పనే తట్టమన్నాను. పైన కూర్చుని వెనక్కి వంగి ఒకటి తట్టగానే జారిపోబోయాడు. మళ్ళీ జూలు పట్టుకున్నాడు.

"ఇంగోతూరి మీరే తట్టండి, చూస్తా," అన్నాడు. తట్టాను. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది.

"అట్ల కాదు టీచరమ్మా! ఇన్నేండ్లూ తట్టేది నేనే గానీ, తట్టించుకునేది ఇప్పుడే తెలుస్తాంది. మీరు టకటకా తడతాండారు. అంత బిరబిరా ఎక్కుతారా ఎవురన్నా? ఒకరు ఎక్కి జరగల్ల. ఇంగొకరు మూట సర్దుకోవల్ల. ఆడోళ్ళు చీర సర్దుకోవల్ల. నాలుగో మనిషి సీటు చాలదని కొట్లాడల్ల. అప్పుడు కదా ఫుల్లయ్యేది!"

నేను జీను మీద ఒకసారి తట్టాను. ఆగాను. ఒక ముసలమ్మ బుట్టతో ఎక్కి జరిగి కూర్చుందనుకున్నాను. తట్టాను. ఒకాయన మూట పైకి అందుకున్నాడు. తట్టాను. ఇంకొకామె కుచ్చిళ్ళు సర్దుకుంది. చివరాయన సీటు కోసం గొణిగేదాకా ఆగి, నాలుగోది తట్టాను.

చుక్క నడిచింది. నరసింహప్ప పైనుంచి "ఓయమ్మో" అని అరిచాడు. నేను పగ్గం పట్టుకుని, సంకలో గొడుగు, ఇంకో చేతిలో ఆయన చెప్పులు పట్టుకుని, ముందు నడిచాను.

పల్లెలో మేరమ్మ అని ఒక అవ్వ ఇంట్లో మాకు చోటిచ్చారు. గోడ మీద సిలువ బొమ్మ, దాని కింద జొన్నల గాదె. నేను గుర్రాన్ని బాడుగకు తీసుకున్నాననుకుని మేరమ్మవ్వ బుగ్గలు నొక్కుకుంది. "దుడ్లిచ్చిన మనిషి నడుస్తాంది, దుడ్లు తీసుకున్న మనిషి ఊరేగుతాండాడు. ఇదేం కాలం నాయనా!" చింతాకు వేయించి నరసింహప్ప కాలికి కట్టు కట్టింది. నాకు బలుసు ముళ్ళు తీసింది, ముళ్ళకంటే ఎక్కువ చీవాట్లు పెట్టింది.

తెల్లారి బయల్దేరే ముందు కాగితం తీశాను. మొదటి ప్రశ్నకు 'ఆగింది' అని రాశాను. రెండో ప్రశ్న దగ్గర కలం ఆగింది. "పడలేదని రాస్తాను నరసింహప్పా," అన్నాను. "ఊరి బయట నువ్వు దిగు, నేనెక్కుతా. ఎవరూ చూడరు."

ఒప్పుకుంటాడనుకున్నాను. నిన్నంతా అట్లే కానీండి అన్న మనిషి తల ఊపలేదు.

"రాయండి, పడినారని. అబద్ధం చెప్పి ఇచ్చేస్తే, రేపు ఎవురి బిడ్డో దీని మీద గొడుగు తెరుస్తాది. అప్పుడు నాకేం కూడు సయిస్తాది?"

'పడ్డాను. నా గొడుగు వల్ల, గంతలు తీయించినందువల్ల' అని రాశాను. మూడోది ఖాళీగా వదిలేశాను.

ధర్మవరం

ధర్మవరంలో మగ్గాల చప్పుడు ఊరి మొదట్లోనే వినబడింది. నా కాళ్ళకు బొబ్బలు. నేతగాళ్ళ వీధిలోకి తిరిగేసరికి ముందుకు ఇరుకు సందు తప్ప దారి లేదు. వీధి పొడుగునా పట్టు పడుగు సాగదీసి కట్టారు. వేల పోగులు నడుమెత్తున, పొద్దుటి ఎండకు మెరుస్తున్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు తెగిన పోగులు వెతికి అతుకుతున్నారు. మా తెనాలిలో ధర్మవరం చీర కొనేటప్పుడు, ధర ఎక్కువ చెబుతున్నావని గీచిగీచి బేరమాడేదాన్ని. ఆ వేళ్ళు చూశాక ఇక బేరమాడలేను.

అవతలి అరుగు మీద విశ్వనాథ్ గారు నిలబడి ఉన్నారు. అనుకున్న దానికంటే ముందే వచ్చారు. పరీక్షకు పంపిన మనిషి చెప్పులు మోసుకుంటూ గుర్రాన్ని నడిపిస్తోంది, నడిపించవలసిన మనిషి గుర్రం మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన తెరవబోయిన నోటుబుక్కు మూసేశారు.

"ఏం జరిగింది?"

నేను చెప్పబోయేలోగా నరసింహప్ప పైనుంచి, "అమ్మ పడినారు సార్. నా కాలు మడతపడింది. దాచేదేం లేదు," అన్నాడు.

"గంతలు తీయించింది నేను. గొడుగు తెరిచింది నేను," అని కాగితం ఇచ్చాను. "కానీ రెండు కోసులు నిన్న, ఈ పొద్దున మూడు కోసులు, చుక్కను కదిలించింది ఆయన కాదు. నేను. మీరు కూడా కదిలించగలరు. రండి."

ఆయన దిగివచ్చారు. జీను మీద టకటకా తట్టారు. చుక్క చెవి తిప్పి ఊరుకుంది.

"అట్ల కాదు సార్," అన్నాను, నాకు తెలియకుండానే. "ఒకరెక్కి జరగనివ్వండి. ఆ, ఇప్పుడు. ఆగండి, మూట పెట్టుకుంటోంది. ఇప్పుడు. ఆమె చీర సర్దుకోనివ్వండి. ఇప్పుడు. నాలుగో ఆయనకు సీటు చాల్లేదు, గొణుగుతున్నాడు."

విశ్వనాథ్ గారు గొణిగేదాకా ఆగారు. నిజంగా ఆగారు, తల కొంచెం వంచి. నాలుగోది తట్టారు.

చుక్క నడిచింది. నేను పగ్గం వదిలేశాను. పడుగు దగ్గర ఆడవాళ్ళు "గుర్రం, గుర్రం!" అని కేకలేశారు. చుక్క ఆ పట్టు పోగులకూ అరుగులకూ మధ్య ఉన్న రెండు మూరల సందులోంచి, హిందూపురం అంగళ్ళ మధ్య తొమ్మిదేళ్ళు నడిచినట్టే, ఒక్క పోగు కదలకుండా నడుచుకుంటూ పోయింది. ముందు ఎవరూ లేరు. నరసింహప్ప కళ్ళు తెరిచి, అటూ ఇటూ చూసి, మెల్లగా వీపు నిటారు చేశాడు.

"అది ఎక్కడికి పోతోంది?" అన్నారు విశ్వనాథ్ గారు కంగారుగా.

"స్టేషన్‌కై ఉంటుంది సార్. చెయ్యెత్తండి."

ఆయన పరుగెత్తి ముందుకెళ్ళి, వీధి మలుపులో చెయ్యెత్తి నిలబడ్డారు. చుక్క సరిగ్గా ఆయన ముందు ఆగింది. ఆయన ఎత్తిన చెయ్యి అలాగే దించి, దాని నుదుటి మీద తెల్లమచ్చ మీద పెట్టారు.

"సోమవారం తోటకు తోలుకురా నరసింహప్పా. కాలు తగ్గాకే. బట్టీవాళ్ళను వేరే గుర్రం చూసుకోమను."

నరసింహప్ప తలకున్న తువ్వాలు విప్పి ముఖం మీద కప్పుకున్నాడు. గుర్రం మీదే, వీధి మధ్యలో, అందరి ముందూ ఏడ్చాడు. నేను కుంటుకుంటూ వెళ్ళి, విశ్వనాథ్ గారి దగ్గర కాగితం అడిగి తీసుకున్నాను. చుక్క జీను అంచు మీదే ఆనించి, మీ ఇంటి పిల్లల్ని దీని మీద ఎక్కిస్తారా అన్న చోట రాసి, సంతకం చేశాను.

'ఎక్కిస్తాను. గొడుగు ఇంట్లో పెట్టి.'